కింది ట్రేలో ఎనిమిది రోజులు

ఒక ఉగాది నాడు, హైస్కూల్ ఆడిటోరియంలో, మూడు వందల మంది తెలుగువాళ్ళ మధ్య నేను ఒక మాట చెప్పి ఉండాల్సింది. "ఆ తప్పు నాది" అంటే సరిపోయేది. నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. దానివైపే చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పాల్సిన మాటను నా పక్కనున్న మనిషి చెప్పారు, తప్పు తనదే అన్నట్టుగా.

ఆవిడ పేరు రూత్ ఆల్డెన్. పుట్టింది అమెరికాలో, ఒహాయోలోని ఒక చిన్న ఊళ్ళో. టీచరు ఉద్యోగం కోసం కెనడా వచ్చి, ఇక్కడే పౌరసత్వం తీసుకుని, టొరంటోకు తూర్పున మా నియోజకవర్గం నుంచి ఏడుసార్లు ఎంపీగా గెలిచారు. మొదటి ఎన్నికల్లో ప్రత్యర్థులు "అమెరికా ఆవిడ" అని వెక్కిరించేవారట. ఆఖరి ఎన్నికల నాటికి ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేను ఆవిడ స్థానిక ఆఫీసులో పధ్నాలుగేళ్ళు పనిచేశాను.

ఈ మధ్య మన పిల్లలు కొందరు ఎంపీల ఆఫీసుల్లో చేరుతున్నారు. వాళ్ళలో తేజస్విని అనే అమ్మాయి మా ఇంటికొచ్చి, "అంకుల్, ట్రైనింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పారు గానీ, ఎదురుగా కూర్చుని మనిషి ఏడిస్తే ఏం చేయాలో చెప్పలేదు. మీరు రాయండి" అంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకిప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. రూత్ ఓడిపోయాక కొన్నాళ్ళు మునిసిపాలిటీ కౌంటర్లో పనిచేసి, నిరుడు ముందుగానే రిటైరయ్యాను. కౌంటర్ ఉద్యోగం ఒక్కరోజు కూడా కలలోకి రాలేదు. రూత్ ఆఫీసు మాత్రం వస్తూనే ఉంటుంది.

పని ఏమిటంటే

గుంటూరులో లా చదివి, రెండేళ్ళు ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా తిరిగి ఇక్కడికొచ్చాను. ఇక్కడ లైసెన్సు తెచ్చుకునే ఓపిక లేక బ్రాంప్టన్‌లో వేర్‌హౌస్‌లో పెట్టెలు మోశాను. టొరంటోకు తూర్పునున్న ఏజాక్స్ వైపు ఇల్లు మారాక, ఒక ఎన్నికల సమయంలో వాలంటీర్‌గా చేరి, గడ్డకట్టిన నేలలో ఇంటింటి ముందూ రూత్ పేరున్న బోర్డులు పాతాను. ఒకరోజు ఆవిడ నా పక్కన నిలబడి సుత్తి అందుకుని, "నువ్వు లాయరువట కదా! బోర్డులు బాగానే పాతుతున్నావు, ఉత్తరాలు చదవగలవా?" అని అడిగారు. అదే నా ఇంటర్వ్యూ.

మా ఆఫీసు ఒక చిన్న ప్లాజాలో, డెంటిస్టుకీ పిజ్జా షాపుకీ మధ్య ఉండేది. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఫైళ్ళన్నీ పిజ్జా వాసన కొట్టేవి. సోమవారం నుంచి గురువారం దాకా రూత్ ఒట్టావాలో పార్లమెంటులో ఉండేవారు. శుక్రవారం పొద్దున్నే మా దగ్గరికి వచ్చేవారు. కోటు విప్పకముందే అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆగలేని పని ఏదైనా ఉందా?"

బయటివాళ్ళు అనుకునే అధికారం మా దగ్గర లేదు. ఎంపీ వీసా ఇప్పించలేరు. పెన్షన్ మంజూరు చేయలేరు. సంబంధిత శాఖను అడగగలరు, అంతే. "ఈ మనిషి పరిస్థితి ఇది, దయచేసి ఫైలు చూడండి" అని. కానీ ఏ రోజు అడిగామన్నది కొన్నిసార్లు మనిషి జీవితాన్ని మార్చేస్తుంది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదట్లో వచ్చిన ఒక ముసలాయన గురించి చెప్తాను. వీధివాళ్ళ ఉత్తరాలు వచ్చిపడే, ఇంటి పక్కనున్న పోస్టు డబ్బాల వరుసను దూరంగా రెండు వీధుల అవతలికి మార్చేశారని ఆయన ఫిర్యాదు. కర్రతో నడిచే మనిషి. నేను పోస్టల్ వాళ్ళకి పంపేందుకు మర్యాదగా నాలుగు వాక్యాలు రాశాను. రూత్ దాన్ని చదివి, పక్కన పెట్టి, "పద" అన్నారు. ఫిబ్రవరి నెల. ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఆయనతోపాటు ఆ మంచులో డబ్బా దాకా నడిచి వెనక్కొచ్చాం. దారిలో ఆయన మూడుసార్లు ఆగారు. రూత్ గడియారం చూసుకుంటూనే ఉన్నారు. "ఇప్పుడు రాయి. ఇరవై ఆరు నిమిషాలు, మూడుసార్లు ఆగారు, ఒకసారి జారారు. నేను పక్కనే ఉన్నాను అని రాయి" అన్నారు. ఆ ఉత్తరం వెళ్ళిన నెలలోపే డబ్బాలు తిరిగి వచ్చాయి.

ఆవిడను దేవతని చేయడం నా ఉద్దేశం కాదు. మొండి మనిషి. ఎవరు రిబ్బను కత్తిరించడానికి పిలిచినా కాదనలేక, సొంత కూతురి పుట్టినరోజుకి వెళ్ళని సందర్భాలు నాకు తెలుసు. ఉద్యోగం పోయినవాళ్ళకి ఇచ్చే భృతి వారాలు తగ్గించే బిల్లుకి పార్టీ చెప్పిందని ఓటేశారు. కెనడా పార్లమెంటులో ఓటేయడమంటే లేచి నిలబడటం. ఆ తర్వాతి శుక్రవారం, పండ్లు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ వచ్చి ఆ బిల్లు గురించి ఏడ్చింది. నేను "పార్టీ నిర్ణయం అండీ" అనబోయాను. రూత్ నన్ను ఆపి, "నేను లేచి నిలబడ్డాను. కూర్చుని ఉండాల్సింది. తప్పు చేశాను" అని ఆవిడ ముఖం మీదే చెప్పారు. ఆవిడ వెళ్ళాక నేను, "అలా ఒప్పుకుంటే ఓట్లు పోతాయి కదా" అన్నాను.

"పోతాయి. ఆవిడ నాలుగు గంటలకే లేచి పనికి వెళ్ళే మనిషి, మురళీ. ఆవిడకి అబద్ధం చెప్తే నేను మళ్ళీ శుక్రవారం ఇక్కడ ఎలా కూర్చుంటాను?"

నేను పెట్టుకున్న నియమం

నేను చేరిన రెండో ఏడాదికే ఊళ్ళో తెలుగువాళ్ళు పెరిగారు. తెలుగు మాట్లాడే మనిషి ఎంపీ ఆఫీసులో ఉన్నాడని తెలిసి స్టూడెంట్లు, నర్సులు, ట్రక్కు డ్రైవర్లు వరసగా రావడం మొదలైంది. ఆఫీసు నడిపే బ్రెండా నవ్వుతూ అనేది: "మురళీ, ఇవాళ మీ ఊరు మొత్తం దిగినట్టుంది. ఇంకో రెండు కుర్చీలు తెప్పించనా?" బ్రెండా మంచి మనిషి, ఆ మాటలో కల్మషం లేదు. కానీ ఒక శుక్రవారం పార్టీలో పాతకాలపు పెద్దమనిషి ఒకరు మా వెయిటింగ్ రూమ్ చూసి, రూత్‌తో, "ఇది నీ ఆఫీసా, ఇతని ఆఫీసా?" అన్నారు. రూత్ "ఇది వాళ్ళ ఆఫీసు" అంటూ కూర్చున్నవాళ్ళని చూపించి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ అక్కడితో మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. నా టేబుల్ మీద రెండు ట్రేలుండేవి, పైనొకటి, కిందొకటి. మనవాళ్ళ ఫైలు వస్తే కింది ట్రేలోకి వెళ్ళాలి. పైన ఉన్నవాటిలో కనీసం మూడు అయితేనే కింద ఒకటి తీయాలి. ఇలా చేయమని ఎవరూ చెప్పలేదు. రూత్‌కి తెలియదు. తెలిస్తే ఆ ట్రే తీసుకెళ్ళి ప్లాజా వెనక చెత్తలో వేసేవారు.

గుడి దగ్గర మనవాళ్ళు నన్ను దెప్పేవారు. తెలుగు సంఘం అధ్యక్షులు ప్రభాకర్ గారు, రిటైర్డ్ ఇంజనీరు, ఒకసారి అందరి ముందూ, "లోపల మురళి ఉన్నాడు కదా అని వెళ్తే మన పని తప్ప ఊళ్ళో అందరి పనీ అవుతుందండీ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుపడాల్సింది పోయి, లోపల సంతోషించాను. నా నిజాయితీకి అది సర్టిఫికెట్ అనుకున్నాను.

మీరు ఆ కుర్చీలో కూర్చోబోతున్నారు కాబట్టి చెప్తున్నాను. మనవాడని ముందుకు జరపడం తప్పని అందరికీ తెలుసు. మనవాడని వెనక్కి జరపడం కూడా అంతే తప్పు. నేను చేసింది న్యాయం కాదు, భయం. నా పేరు చెడుతుందన్న భయానికి, నా భాషలో గోడు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళ చేత మూల్యం కట్టించాను.

సరోజ

ఒక మంగళవారం సరోజ వచ్చింది. కరీంనగర్ వైపు మనిషి. ఏజాక్స్‌లో ఒక వృద్ధుల కేంద్రంలో పెద్దవాళ్ళకి స్నానాలు చేయించి, అన్నం తినిపించే ఉద్యోగం. డ్యూటీ బట్టల మీదే వచ్చింది. భర్త వెంకటేశం ట్రక్కు నడిపేవాడు. క్యాన్సర్.

"అన్నా, మా ఆయనకు మంచిగ లేదు. మా మరిది రామస్వామి ఒక్కసారి వచ్చి చూసిపోతడు. ముందుగాల అప్లై చేస్తే రిఫ్యూజ్ చేసిన్రు. మళ్ళ చేసినం. డాక్టర్ కాయిదం గూడ పెట్టిన. జర జల్ది అయ్యేటట్టు చూడుండ్రి."

"చూస్తానమ్మా. ఈ ఫారం మీద సంతకం పెట్టండి" అన్నాను. ఆమె తరఫున ఇమ్మిగ్రేషన్ శాఖను అడగడానికి మాకు అనుమతి ఇచ్చే ఫారం అది. నా ఎదురుగానే పెట్టింది. "మా ఆయన్ని అన్నలెక్క గాదు, తండ్రిలెక్క చూస్తడన్నా మా మరిది" అంది లేస్తూ.

నేను పైన రెండు కాగితాలు చూశాను. విజిటర్ వీసా. ఇలాంటివి వారానికి పది వచ్చేవి. డాక్టర్ ఉత్తరం చివర్లో ఉంది. అక్కడిదాకా నేను వెళ్ళలేదు. అందులో "నెలలు కాదు, వారాలే" అని స్పష్టంగా రాసి ఉంది. ఫైలు కింది ట్రేలో పెట్టాను.

శుక్రవారం పొద్దున సరోజ ఫోన్ చేసింది. "ఏమన్న తెలిసిందా అన్నా?"

"ప్రాసెస్‌లో ఉందమ్మా."

ప్రాసెస్‌లో లేదు. నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఆ ఫోన్ పెట్టేసిన పావుగంటకి రూత్ వచ్చారు. కోటు విప్పకుండానే అడిగారు, "ఆగలేని పని ఏదైనా ఉందా?"

"లేదు" అన్నాను.

మరుసటి బుధవారం, కింది ట్రేలో దాని వంతు వచ్చాక, ఆ ఫైలు తీశాను. అప్పుడు డాక్టర్ ఉత్తరం చదివాను. అయిదు నిమిషాల్లో శాఖకి పంపాను. ఆరో రోజుకి వీసా వచ్చింది. రామస్వామి టొరంటోలో దిగేసరికి అన్న పోయి రెండు రోజులైంది. మంగళవారమే పంపి ఉంటే, తమ్ముడికి అన్న దగ్గర ఆరు రోజులు దొరికేవి. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో నాకే తెలియదు.

ఆ ఉగాది

సరోజ ఊరుకోలేదు. శాఖ దగ్గర ఉండే అప్లికేషన్ నోట్స్ తెప్పించుకుంది. ఎంపీ ఆఫీసు ఏ రోజు శాఖను అడిగిందో అందులో ఉంటుంది. కొన్ని నెలల తర్వాత, ఉగాది కార్యక్రమానికి రూత్ వచ్చి నాలుగు మాటలు మాట్లాడి, భోజనాల దగ్గరికి రాగానే సరోజ ఎదురొచ్చింది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, గొంతు పెరిగేకొద్దీ తెలుగులోకి వచ్చేసింది.

"మీ ఆఫీసుల నా కాయిదాలు ఎనిమిది దినాలు పడున్నయ్. ఎనిమిది దినాలు! మా ఆయన రోజూ దర్వాజ దిక్కే చూసిండు. మీకు మా ఓట్లు గావాలె, మా సావులు అక్కరలే."

రూత్ నావైపు తిరిగారు, అనువదించమని. నేను అనువదించాను. ఒక్క ముక్క మార్చకుండా. ఆ తర్వాత కూడా ఆవిడ నన్నే చూస్తూ ఒక్క క్షణం ఆగారు. నేను ప్లేటులోకి చూశాను.

"తలుపు మీద ఉన్నది నా పేరు," అన్నారు రూత్ సరోజతో. "తప్పు నాది. నన్ను క్షమించమ్మా."

కారులో అడిగారు, "ఏం జరిగింది, మురళీ?"

అప్పుడైనా చెప్పొచ్చు. కారులో ఇద్దరమే ఉన్నాం. నేను, "ఫారం మీద సంతకం లేదు. అది వచ్చేసరికి ఆలస్యమైంది" అన్నాను. నా తప్పుని చావు ఇంటి మనిషి మీదకే నెట్టాను. రూత్ తలూపి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాతి ఎన్నికల్లో తెలుగు ఇళ్ళ తలుపులు మాకు తెరుచుకోలేదు. తెరిచినవాళ్ళు గుమ్మంలోనే నిలబెట్టి అడిగారు, "సరోజ సంగతి ఏమిటండీ?" ప్రతి గుమ్మంలోనూ రూత్ ఒకే జవాబు చెప్పారు: "మా ఆఫీసు ఆలస్యం చేసింది. బాధ్యత నాది." తనకి నేను చెప్పిన కారణం ఆవిడ దగ్గరుంది. "ఫారంలో సంతకం లేదండీ" అనేస్తే సగం మంది చల్లబడేవారు. ఒక్క గుమ్మంలో కూడా అనలేదు. ఆవిడ పక్కన కరపత్రాలు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

కొద్ది ఓట్లతో ఓడిపోయారు. ఈ ఒక్క విషయం వల్లే అని నేను చెప్పలేను. దేశమంతా గాలి మారిన ఎన్నికలవి. కానీ మన వీధుల పోలింగ్ పెట్టెల్లో ఏం జరిగిందో నేను చూశాను.

శుక్రవారాలు

ఆఫీసు ఖాళీ చేయడానికి మాకు కొద్ది రోజులే ఇచ్చారు. ఫైళ్ళు ముక్కలు చేసే యంత్రం ముందు నేనూ బ్రెండా నిలబడి పధ్నాలుగేళ్ళు అందులోకి దూర్చాం. రూత్ భర్త అప్పటికే పోయారు. ఆవిడ ఒహాయోలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి నాకు శుక్రవారాలంటే ఏదోలా ఉంటుంది. తొమ్మిది గంటలకి కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడతాను. రూత్ బూట్లకంటిన మంచు గుమ్మంలో దులుపుకునే చప్పుడు వినపడుతున్నట్టే ఉంటుంది. నా భార్య, "ఇవాళ ఎవరైనా వస్తారా?" అని అడుగుతుంది. ఎవరూ రారు. అయినా ఆ చప్పుడు కోసం చెవులు వెతుకుతాయి. తన గోడు చెప్పుకోవడానికి పొద్దున్నే ఒక మనిషి నా కోసం ఎదురుచూసే ఉద్యోగం మళ్ళీ దొరకదు. ఆ పని చేస్తున్నప్పుడు దాన్ని ప్రేమిస్తున్నానని నాకు తెలియదు. అలసిపోయాననే అనుకునేవాడిని.

ఒకసారి రూత్ ఫోన్ చేశారు. "ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు, మురళీ. మా చెల్లెలు ఉప్పు డబ్బా ఎక్కడుందని కూడా అడగదు" అని నవ్వారు. నిజం నా నోటిదాకా వచ్చింది. "అక్కడ మంచు పడిందా?" అని అడిగాను. మంచు గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. పోయిన శరదృతువులో వాళ్ళ చెల్లెలి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారట.

సంఘం కమిటీలో నేను సంతాప తీర్మానం పెట్టాను. ప్రభాకర్ గారు కళ్ళద్దాలు తీసి, "చాలా ఏళ్ళు సేవ చేశారు, కాదనను. కానీ సరోజ విషయం జనం మర్చిపోలేదు మురళీ. ఎందుకులే" అన్నారు. కమిటీలో అందరూ తలూపారు. ఏడుసార్లు గెలిచిన మనిషి పేరు మన ఊళ్ళో ఆ ఎనిమిది రోజుల కింద పడి ఉంది. దాన్ని తీయగలిగినవాడిని నేనొక్కడినే.

మర్నాడు మధ్యాహ్నం సరోజ ఇంటికి వెళ్ళాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది. సోఫాలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. మొత్తం చెప్పాను. కింది ట్రే, డాక్టర్ ఉత్తరం, ఫోన్లో చెప్పిన అబద్ధం, కారులో చెప్పిన అబద్ధం. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"మనోళ్ళమని ఎనకకు పెట్టిన్రా?"

"అవునమ్మా."

నేను చేతులు జోడించబోతే, "నాకు ఈడ చెప్తె ఏమొస్తది?" అంది. "ఆమెను నేను అంతమంది ముంగట అన్న. సచ్చిపోయింది, ఇగ నేను ఆమెకు ఏం జెప్త? మీరు గంతమంది ముంగట్నే చెప్పాలె. ధైర్యముంటె చెప్పుండ్రి. లేకపోతె మా ఇంటికి మళ్ళ రాకుండ్రి."

ఈ ఏడాది ఉగాదికి, పంచాంగ శ్రవణం అయ్యాక, ప్రభాకర్ గారిని మైకు అడిగాను. దేనికని ఆయన అడిగారు. రెండు నిమిషాలన్నాను. ముందు వరసలో సరోజ తన ఫోన్ ఎత్తి పట్టుకుంది. అందులో కరీంనగర్ నుంచి రామస్వామి చూస్తున్నాడు. కాగితం మీద రాసుకున్నది జేబులోనే ఉండిపోయింది. నేను చెప్పింది ఇది:

"నా పేరు మురళి. రూత్ ఆల్డెన్ గారి ఆఫీసులో పనిచేశాను. వెంకటేశం గారి తమ్ముడి కాగితాలు ఎనిమిది రోజులు ఆపింది రూత్ గారు కాదు. నేను. తెలుగువాళ్ళవి కాబట్టి వెనక పెట్టాను, ఎవరైనా ఏమైనా అంటారని. ప్రాసెస్‌లో ఉందని అబద్ధం చెప్పాను. సరోజ సంతకం మొదటి రోజే పెట్టింది. పెట్టలేదని రూత్ గారితో అబద్ధం చెప్పాను. ఆవిడ ఆ అబద్ధాన్ని నమ్మి కూడా, మీ ఎవరి గుమ్మంలోనూ సరోజ మీద ఒక్క మాట వేయలేదు. మీరు ఆవిడకి వేయని ఓట్లు నా వల్ల వేయలేదు. రామస్వామీ, మీ అన్న దగ్గర మీరు కూర్చోవాల్సిన ఆరు రోజులు నేను పోగొట్టాను. సరోజమ్మా, తలుపు వైపు చూస్తూ ఆయన పడుకున్న రోజులు అవి. నేను తప్పు చేశాను. నన్ను క్షమించండి. రూత్ గారూ, మీరు బతికి ఉండగా చెప్పలేకపోయాను. నన్ను క్షమించండి."